రాత్రి ఒంటిగంట పాఠకులు

2023వ సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము. ఆరాధన ముగిసింది. సంఘస్థులందరూ వెళ్ళిపోయారు. ఒక సహోదరుడు మాత్రము గుమ్మము దగ్గర చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. ఎంత ఎత్తు చెట్టయినా జంకకుండా ఎక్కే మనిషి, ఆ రోజు మాతో ఒక మాట చెప్పడానికి జంకుతున్నాడని మాకు అర్థమైంది.

"అయ్యగారండీ, మా పిల్ల రాత్రి ఒంటిగంటైనా ఫోను ఒదలటం లేదండి. దుప్పట్లోంచి ఎలుగు కనపడతందండి. ఓసారి నవ్వుకుంటదండి, ఓసారి కళ్ళు తుడుచుకుంటదండి. ఆళ్ళమ్మ కువైట్‌లో ఉంది. రేపేదన్నా అయితే నేనేం చెప్పుకోనండి?"

ప్రియ చదువరులారా, మా కోనసీమలో ఈ చివరి మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఐనవిల్లి మండలములోనే కాదు, అమలాపురము నుండి రాజోలు వరకు ఏ లంక గ్రామమునకు వెళ్ళినా తల్లి గల్ఫ్ దేశములో ఇంటిపని చేస్తూ, బిడ్డలు నాయనమ్మ దగ్గరో మేనత్త దగ్గరో పెరుగుతున్న ఇళ్ళు కనబడతాయి. ఈ సహోదరుని భార్య వెళ్ళి అప్పటికి తొమ్మిది సంవత్సరాలు. పిల్ల అమలాపురములో బి.కాం. పూర్తి చేసి ఇంటి దగ్గర ఉన్నది. పెండ్లి మాటలు నడుస్తున్నాయి. అటువంటి ఇంట్లో దుప్పటి క్రింద వెలుగు కనబడితే తండ్రి ఏమి అనుకుంటాడు? మేమూ అదే అనుకున్నాము. మా ఇంటివారిని వెంటబెట్టుకొని ఆ సాయంత్రమే వెళ్ళాము.

ఆ పిల్ల మమ్మును చూచి కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. మేము డొంకతిరుగుడు లేకుండా అడిగాము. ఆమె తల వంచుకొని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఫోను తెచ్చి మా ఇంటివారి చేతిలో పెట్టింది. "కథ రాస్తున్నానండి అమ్మగారూ. సీరియల్. నలభై ఒకటో భాగమండి."

మాకు నోట మాట రాలేదు. మా ఊరు కలములకు పేరు పొందిన ఊరు. ప్రతి సంవత్సరము పరీక్షలకు ముందు ఇక్కడి సిద్ధి వినాయక ఆలయములో పెన్నులు పూజలో పెట్టి విద్యార్థులకు పంచుతారు. దూరపు జిల్లాల నుండి కూడ వచ్చి తీసికొని వెళ్తారు. అటువంటి ఊరిలో ఈ అమ్మాయి ఒక్క పెన్ను అయినా పట్టకుండా రెండు బొటనవ్రేళ్ళతో నలభై ఒక భాగాలు వ్రాసింది. ఆమె ఫోనులో ఆంగ్ల అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలుగా మారతాయి. కథ 'ప్రతిలిపి' అనే చోట వస్తున్నది. 2014లో బెంగళూరులో మొదలైన సంస్థ అది. అనేక భారతీయ భాషలలో ఎవరైనా తమ రచన అక్కడ పెట్టవచ్చు, ఎవరైనా చదువవచ్చు. ఆమె వేరొక పేరుతో వ్రాస్తున్నది. ఆ పేరు ఇక్కడ చెప్పబోము.

ఆ రాత్రి మేము కూడ ఫోను వదలలేదు. ఒకటవ భాగము చూచి పడుకొందామనుకొని పదకొండవ భాగము దగ్గర పడుకొన్నాము. ఇందులో కథ ఏమంటే, ఒక తల్లి గల్ఫ్‌కు వెళ్తుంది. ఏడేళ్ళ పిల్ల అమ్మ విడిచి వెళ్ళిన చీర తల క్రింద పెట్టుకొని పడుకొంటుంది. నాయనమ్మ ఆ చీర ఉతికేస్తుంది. అంతే ఆ భాగము. ఉతికినందుకు పిల్ల మూడు రోజులు అన్నము తినదు, ఎందుకో ఎవరికీ తెలియదు.

మా అమ్మగారి కాలములో

ఇట్లు వారము వారము వ్రాసి, చదువరిని ఎదురుచూచునట్లు చేసి, దానితో బ్రదుకుట తెలుగువారికి క్రొత్త కాదు. మా చిన్నతనములో మా అమ్మగారు వారపత్రికలోని సీరియల్ కాగితాలు జాగ్రత్తగా ఊడదీసి, అన్నీ చేరిన తరువాత దారముతో కుట్టి అట్ట వేసికొనేవారు. అమలాపురములో అద్దె పుస్తకాల షాపుండేది. ఒక నవల పది ఇండ్లు తిరిగి, మూలలు నలిగి, నూనె మరకలతో మళ్ళీ షాపుకు చేరేది.

మా కోనసీమ వాడే యండమూరి వీరేంద్రనాథ్ గారు. 1948లో రాజోలులో పుట్టారు. చార్టర్డ్ అకౌంటెంటు చదివి, ఉద్యోగము చేస్తూ రచన మొదలుపెట్టి, తరువాత ఉద్యోగము మాని రచననే వృత్తి చేసికొన్నారు. ఆంధ్రభూమి వారపత్రికలో ఆయన 'తులసిదళం' వస్తుంటే జనము పత్రిక కొరకు ఎదురుచూచేవారట. చేతబడి కథ గనుక మా పెద్దలు సంఘములో ఆ పుస్తకము ముట్టవద్దని గట్టిగా చెప్పారట. ముట్టనివారు ఎందరో మాకు తెలియదు గాని, కథ మాత్రము ఆ తరములో అందరికీ తెలుసు. ఆయన నవల 'అభిలాష' 1983లో సినిమా అయింది. అంతకు ముందే కృష్ణా జిల్లా కాజ గ్రామములో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారు 'సెక్రటరీ' వంటి నవలలతో ఇంటింటి స్త్రీలను చదువరులను చేశారు. ఆమె 2018లో కన్నుమూశారు.

ఆ రచయితలకు సంపాదకుడు ఉండేవాడు. కథ పంపితే, తీసికొంటే డబ్బు వచ్చేది, లేకుంటే స్టాంపులంటించిన కవరులో తిరిగి వచ్చేది. ఆ సంపాదకుని గుమ్మము దాటడమే కష్టము. దాటిన తరువాత లక్ష ఇండ్లలోనికి పత్రికయే తీసికొనిపోయేది. ఆ గుమ్మాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2020లో కరోనా వచ్చిన తరువాత ఆంధ్రభూమి, నవ్య వంటి వారపత్రికలు అచ్చు ఆపాయి. 1978లో మొదలై నెలకొక నవల ఇచ్చిన 'చతుర', దానితోపాటు వచ్చిన 'విపుల' 2021లో ఆగిపోయాయి.

ఇప్పుడు గుమ్మమే లేదు. ఎవరైనా లోపలికి రావచ్చు. అయితే లోపల ఎవరూ లేరు! చదువరిని కూడ రచయితయే వెదకి తెచ్చుకోవాలి. ఈ భేదము మాకు ఆ అమ్మాయి చెప్పేవరకు తెలియలేదు.

తెలుగువారు ఈ క్రొత్త దారిలో ముందుగానే నడిచారని కూడ చెప్పాలి. అమెరికాలోని తెలుగువారు 1998లో 'ఈమాట' అనే పత్రికను కాగితము లేకుండానే నడపడం మొదలుపెట్టారు. 2003లో తెలుగు వికీపీడియా వచ్చింది. 2006లో 'లేఖిని' వచ్చి, ఆంగ్ల మీటలతో తెలుగు వ్రాసే సౌకర్యము సామాన్యులకు కలిగించింది. 2010లో 'కినిగె' తెలుగు పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపములో అమ్మసాగింది. అయితే వీటిలో వ్రాసినవారిలో చాలామందికి వేరే ఉద్యోగాలున్నవి. ప్రేమ కొరకు వ్రాశారు, కూటి కొరకు కాదు. కూటికి అడ్డంకులు కూడ ఉండేవి. 2016లో అమెజాన్ వారి కిండిల్ హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భారతీయ భాషలను చేర్చుకొన్నప్పుడు తెలుగు అందులో లేదు. తెలుగు పేజీలమీద గూగుల్ ప్రకటనలు వేసి, వాటి ఆదాయములో భాగము వ్రాసినవారికి ఇచ్చే ఏర్పాటు 2018లో గాని రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్ చవక అయిన తరువాత, లంకలోని పశువుల పాక దగ్గర కూడ ఫోను వెలుగుతున్నది. చదువరి అప్పుడు పుట్టాడు.

కువైట్‌లో పదిన్నర

ఇక ఆ దుప్పటి సంగతి.

ఆమె మొదటి కథ ఒక ప్రేమ కథ. పట్నములో పెద్ద ఇల్లు, కారు, కోపిష్ఠి యజమాని. అక్కడ ఎక్కువమంది చదివేవి అటువంటివని చూచి వ్రాసింది. పదకొండుమంది చదివారు. "అందులో ఐదుగురు నా స్నేహితులేనండి" అని నవ్వింది. ఆ ఇల్లు, ఆ కారు ఆమె ఎన్నడూ చూచినవి కావు. రెండవ కథ కూడ అట్లే పోయింది. మూడవదిగా ఏమీ తోచక, తన ఇంటి సంగతే పేర్లు మార్చి మొదలుపెట్టింది.

ఆరవ భాగము తరువాత ఒక విచిత్రము గమనించింది. అభిప్రాయాలన్నీ రాత్రి ఒంటిగంట దాటిన తరువాత వస్తున్నాయి. పగలు ఒక్కటి లేదు. ఎవరు వీరు? ఒకామె వ్రాసింది: తాను పాలకొల్లు ప్రాంతము మనిషినని, కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తానని, పని ముగిసి పడుకొనే ముందు చదువుతానని. కువైట్ గడియారము మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి పదిన్నరకు గిన్నెలు కడిగి గదిలోనికి వస్తే ఇక్కడ ఒంటిగంట! ఆ అమ్మాయి వారి కొరకు మేలుకొని ఉండడం మొదలుపెట్టింది. ప్రతి ఒక్కరికి ఆ రాత్రే జవాబు వ్రాసేది. వారు తమ పిల్లల సంగతులు చెప్పేవారు. ఆమె నవ్వేది, ఏడ్చేది. తండ్రి చూచిన వెలుగు అదే.

మేము థియాలజీ డిప్లొమా చదివినప్పుడు, ప్రసంగము తయారు చేయు విధము నేర్పుతూ మా గురువుగారు ముందుగా బెంచీలమీద ఎవరు కూర్చుంటారో తలంచుకొమ్మని చెప్పేవారు. ఇరవై సంవత్సరాలుగా ప్రసంగిస్తున్నాము. నిజము చెప్పాలంటే, ఈ పిల్ల తన చదువరులను ఎరిగినంతగా మేము మా బెంచీలను ఎరుగుదుమా అని ఆ రాత్రి అనుకొన్నాము.

ఆమె పద్ధతి కూడ చెప్పదగినది. వారమునకు రెండు భాగాలు, మంగళవారము, శుక్రవారము. ఒక్కొక్కటి సుమారు వెయ్యి మాటలు. ఇంట్లో జ్వరము వచ్చినా, కరెంటు పోయినా ఆ రోజు తప్పలేదు. ఎందుకంటే ఒకసారి తప్పితే, "ఈ రోజు నీ కథ లేదు గనుక నిద్ర పట్టలేదు" అని ఒక తల్లి వ్రాసిందట. శుక్రవారము చాలామందికి అక్కడ సెలవు. ఇంటిపనివారి కొరకు కువైట్‌లో 2015లో చేసిన చట్టము వారానికొక సెలవు ఇవ్వవలెనని చెబుతున్నది. అందరికీ దొరుకుతుందా అన్నది వేరే మాట. నలుగురు ఒకచోట చేరినప్పుడు చదువు వచ్చినవారు రానివారికి పైకి చదివి వినిపిస్తారట. కాబట్టి ఫోనులో చూపే లెక్కకంటే వినేవారు ఎక్కువ.

మరి డబ్బు?

ఆ తండ్రి మొదట అడిగినది ఇదే. "దీనికి డబ్బులొత్తయ్యాండి?"

మొదటి ఆరు నెలలు ఒక్క పైసా రాలేదు. కొంతమంది అనుసరించేవారు చేరి, కొన్ని రచనలు పూర్తి చేసిన రచయితలకు అక్కడ చందా ఏర్పాటు ఉన్నది. చందా కట్టినవారికి క్రొత్త భాగము ముందుగా తెరుచుకొంటుంది, మిగిలినవారు కొన్ని రోజులు ఆగాలి. ఆ చందాలో రచయితకు కొంత భాగము. ఏడవ నెలలో ఆమెకు 212 రూపాయలు వచ్చాయి. తండ్రి ఆ లెక్క విని, "ఇరవై చెట్లు ఎక్కితే వత్తయి కదండి" అన్నాడు. ఏడాదిన్నర గడిచిన తరువాత మంచి నెలలో నాలుగు వేలు దాటింది, మరుసటి నెలలో ఎనిమిది వందలకు దిగిపోయింది. వేలమంది చదువుతారు గాని చందా కట్టేవారు కొద్దిమందే. కువైట్‌లోని ఆ తల్లులు ఇంటికి పంపే ప్రతి దినారు లెక్కపెట్టుకొనేవారు. వారిని చందా అడగడానికి ఆమెకే మనసు ఒప్పలేదు. కాబట్టి ఉదయము ట్యూషన్లు చెబుతున్నది. ఏ యువతియైనా యువకుడైనా ఉన్న ఉద్యోగము మాని దీనిమీద ఆధారపడుదునని మా దగ్గరకు వస్తే, మేము వద్దనే చెబుతాము. యండమూరి గారు కూడ ముందు ఉద్యోగములో ఉండే వ్రాశారు కదా.

డబ్బు రావడమే కాదు, పోయే దారులు కూడ ఉన్నవి. మీ కథ పుస్తకములో వేస్తాము, సర్టిఫికెట్టు, మెమెంటో ఇస్తాము, ఐదు వందలు కట్టండి అని ఆమెకు మూడుసార్లు సందేశాలు వచ్చాయి. మేము చూచిన వెంటనే కట్టవద్దన్నాము. ఈ విషయములో మా మాటకు కొంత విలువ ఉన్నది, ఎందుకంటే మేము కట్టినవారము. 2011లో మా ప్రసంగాలను పుస్తకముగా వేసి రాష్ట్రమంతట అమ్మిపెడతామన్న ఒక ప్రచురణకర్తకు 38,000 రూపాయలు ఇచ్చాము. అందులో సగము అప్పు. వేయి ప్రతులు అట్టపెట్టెలలో మా ఇంటికే వచ్చాయి. అమ్మిపెట్టే మాట ఆ తరువాత వినబడలేదు. బంధువులకు, తోటి సేవకులకు పంచగా ఆరు వందలకు పైగా మిగిలాయి. కొన్నిటిని చెదలు తిన్నాయి, మిగిలినవి 2022 జూలై గోదావరి వరదలో తడిసిపోయాయి. మా ఇంటివారు అప్పుడప్పుడు "చెదలైనా పూర్తిగా చదివాయి" అంటారు.

ఇంకొక దారి దొంగతనము. ఆమె కథ పదిహేను భాగాలను ఎవరో ఒక యూట్యూబ్ ఛానలులో గొంతు పెట్టి చదివారు. పేరు చెప్పలేదు, అడగలేదు. ఆ ఛానలుకు ఆమె కంటే ఎక్కువమంది వచ్చారు. పిల్ల ఏడ్చి ఊరుకొన్నది. అమలాపురములో మాకు తెలిసిన ఒక వకీలు గారిని అడిగితే ఆయన తేలికగా చెప్పారు: 1957 కాపీరైటు చట్టము ప్రకారము వ్రాసిన క్షణము నుండి అది వ్రాసినవారిదే, రిజిస్టరు చేయించకపోయినా సరే, వారి జీవితకాలము, ఆ తరువాత 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లోనే ఫిర్యాదు పత్రము ఉన్నది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. ముందు ప్రచురించినది తానేనని తేదీలతో చూపించింది. కొన్ని రోజులకు అవి తొలగిపోయాయి.

మరియొకటి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. అప్పుడు మా మండలములో ఒక కుర్రవాడు గోదావరి గట్టుమీద పాటలు పాడి వేలమందిని సంపాదించుకొన్నాడు. తెల్లవారేసరికి ఆ వేలమంది లేరు. ఒకరి పేరైనా, ఫోను నంబరైనా అతని దగ్గర లేదు. ఆ సంగతి ఈమెకు చెప్పాము. అప్పటి నుండి ప్రతి భాగము వేరే ఫైలులో దాచుకొంటున్నది. నమ్మకస్థులైన చదువరులకు వాట్సాప్‌లో కూడ కబురు పెడుతున్నది. కౌలు చేలో కొబ్బరి మొక్క నాటినవానికి తెలిసే భయమే ఇది.

ఊరికి తెలిసిన రోజు

అసలు కష్టము డబ్బు వలన రాలేదు, నిజము వలన వచ్చింది.

ఇరవై రెండవ భాగములో కథలోని తండ్రి తాగి వస్తాడు. గల్ఫ్ నుండి వచ్చిన డబ్బుతో తాగుతాడు. పిల్ల పరీక్ష ఫీజు కట్టడానికి డబ్బు ఉండదు. ఆ భాగానికి అంతకు ముందు ఎన్నడూ రానన్ని అభిప్రాయాలు వచ్చాయి. ముక్తేశ్వరము వైపు స్త్రీ ఒకామె కువైట్‌లో అది చదివి, కొబ్బరి చెట్లు, ఏటిగట్టు, రేవు గుర్తుపట్టి, ఇది ఫలానా వారి ఇల్లని ఊహించి తన చెల్లెలికి ఫోను చేసింది. ఐనవిల్లిలో వ్రాసిన కథ కువైట్ వెళ్ళి, పుకారై తిరిగి ఐనవిల్లి వచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరో "నీ సినిమా బాగుందంట గురూ" అన్నారు. ఆయన రెండు రోజులు పనికి వెళ్ళలేదు.

ఈసారి మేమే ఇద్దరిని కూర్చోబెట్టాము. తల్లిదండ్రుల సన్మానము గురించి చెప్పాలని సిద్ధపడి వెళ్ళాము. ఆయన మాకు ఆ అవకాశము ఇవ్వలేదు.

"తాగిన మాట నిజమేనండి అయ్యగారూ. ఫీజు కట్టనిది కూడా నిజమేనండి. కాని మానేసి నాలుగేళ్ళయ్యింది కదండి. అది రాయలేదేంటండి?"

పిల్ల మెల్లగా అన్నది. "ఆ భాగం ఇంకా రాలేదు నాన్నా."

ఆయన చాలాసేపు చూరువైపు చూస్తూ కూర్చున్నాడు. మేము కూడ ఏమీ మాట్లాడలేదు. తన బాధను చెప్పుకొనే హక్కు ఆ బిడ్డకు ఉన్నది. అయితే ఆ బాధలో మరొకరి పరువు కలిసియున్నది, ఆ మరొకరు ఇదే ఊరిలో రేపు చెట్టు ఎక్కాలి. ఎవరి పక్షము చెప్పవలెనో మాకు ఆనాడు తేలలేదు, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మేము ఒక్కటి మాత్రము అడిగాము: ఇంటివారిని గుర్తుపట్టే గురుతులు తీసివేయవచ్చునా అని. అచ్చు పుస్తకమైతే అయ్యేది కాదు. ఫోనులోనిది గనుక పాత భాగాలు కూడ సవరించుకోవచ్చు. ఆ రాత్రి ఆమె కథలోని తండ్రిని చెట్టు దింపి, కోటిపల్లి రేవులో పంటు మీద పనికి పెట్టింది. మరుసటి శుక్రవారము చదువరులు, "నిన్నటి దాకా చెట్లు ఎక్కినవాడు పడవ ఎప్పుడు ఎక్కాడమ్మా?" అని నిలదీశారు. ఇంటివారి కోరిక మీద మార్చానని ఉన్నది ఉన్నట్లు జవాబు వ్రాసింది. ఎవరూ విడిచి వెళ్ళలేదట.

తల్లి సంగతి మిగిలియున్నది. ఆమెకు చదువు అంతగా రాదు. శుక్రవారము నాడు తోటి పనివారిలో రాజోలు వైపు సహోదరి పైకి చదువుతుంటే వినేది. కూతురికి ఫోను చేసి, "ఎవరో పిల్ల రాసిందే, అచ్చు మన ఇల్లు లాగే ఉందే" అని చెప్పేది. కూతురు "అవునా" అని ఊరుకొనేది. అట్లు ఐదు నెలలు గడిచాయి. క్రిస్మస్ భాగములో, వెదురు బద్దలతో నక్షత్రము కట్టి, రంగు కాగితము కొనడానికి డబ్బు లేక మందుల షాపు ఆకుపచ్చ సంచులు కత్తిరించి అతికించిన తల్లి వస్తుంది. ఆ సంచులు అతికించినది తానే. లోకములో మరొకరు ఎవరు అట్లు అతికిస్తారు?

ఆమె కూతురికి చేయలేదు, మాకు చేసింది. "అయ్యగారూ, అది నా మీద కోపంతో రాసిందాండి?" అని అడిగింది. మేము కథ అంతా చదివాము గాని ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. కూతురిని అడగమన్నాము. ఆ రాత్రి ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకొన్నారో, ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు. మూడు రోజుల తరువాత కథలో ఒక భాగము వచ్చింది. మొదటిసారి ఆ కథ తల్లి వైపు నుండి నడిచింది. కువైట్‌లో యజమాని బిడ్డకు జడ వేస్తూ తన బిడ్డ తల తలంచుకొనే తల్లి. ఆ వివరాలు పిల్లకు ఊహ వలన వచ్చినవి కావు.

2024లో ఆ తల్లి వీసా గడువు వచ్చింది. కథలో పిల్ల రావమ్మా అని పిలుస్తున్నది, నిజముగా కూడ పిలిచింది. అయితే ఇంటి అప్పు ఇంకా ఉన్నది, పిల్ల పెండ్లి ఉన్నది, కథ మీద వచ్చే డబ్బుతో అవి తీరవు. ఆమె మరి రెండు సంవత్సరాలకు ఒప్పుకొన్నది. ఆ శుక్రవారము భాగము పెట్టడానికి ఆ అమ్మాయికి చేతులు రాలేదు. ఆ కథ మొదలుపెట్టిన తరువాత అనారోగ్యమూ వరదా కాకుండా ఆమె మానిన శుక్రవారము అదొక్కటే. మంగళవారము మళ్ళీ వ్రాసింది.

మొన్న మేము కోటిపల్లి వెళ్ళడానికి ముక్తేశ్వరము రేవులో పంటు ఎక్కాము. ఆ సహోదరుడు కూడ ఎక్కాడు. పంటు మీద పనిచేసే ఆయన తాడు విప్పుతూ, "ఏం బావా, మీ పిల్ల కథలో తాగుబోతు మా వాడంట కదా? నేనెప్పుడు తాగానయ్యా?" అని కేక వేశాడు. అందరూ నవ్వారు. ఈయన కూడ నవ్వి, కండువాతో ముఖము తుడుచుకొని అన్నాడు:

"తాగుడు నీకే రాసింది. మానేయడం కూడా నీకే రాస్తదంట. కాస్త ఆగు."